అద్దె తక్కువ, జవాబులెక్కువ

మియాపూర్‌లో ఏళ్ళ తరబడి కాపురమున్నా, గోడ అవతలి ఫ్లాటు వాళ్ళ ఇంటిపేరు మాకు తెలియదు. అంబాజీపేట దగ్గర మా సొంతూళ్ళో, సామాన్ల లారీ ఇంజను ఆపకముందే నా జీతమెంతో ఊరు ఒక అంచనాకొచ్చేసింది.

లారీ తలుపు తీసేసరికి అరుగుల మీద సభ తీరింది. ఫ్రిజ్జు దిగింది, ఎవరూ పట్టించుకోలేదు. వాషింగ్ మెషీన్ దిగింది, "మా కోడలికీ ఉందిలే" అంది ఒకావిడ. ట్రెడ్‌మిల్ దిగేసరికి మాత్రం సభ లేచి నిలబడింది. మా తోటలో కొబ్బరి దింపు తీసే పెద్దాయన దగ్గరకొచ్చి తట్టి చూశాడు.

"ఇదేంటండి బాబూ?"

"నడవడానికి."

"ఎక్కడికండి?"

"ఎక్కడికీ వెళ్ళదు. ఉన్నచోటే నడవాలి."

ఆయన నన్నొకసారి, ఎదురుగా బోసిగా పడున్న కాలవగట్టు రోడ్డునొకసారి చూసి, "ఆయ్" అన్నాడు. నా ఇంజనీరింగు చదువంతా ఆ కాలవలోనే కొట్టుకుపోయింది. ప్రస్తుతం మా అమ్మ ట్రెడ్‌మిల్ మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది.

ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసు వాళ్ళే అన్నారని నేను చెప్పినమాట ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు పెళ్ళాం పిల్లలతో ఊరొచ్చేశాడంటే ఉద్యోగం ఊడుండాలి, లేదా అప్పులైనా అయ్యుండాలి. అప్పుల పక్షానికి చెరువు వీధి, ఉద్యోగం పక్షానికి గుడి వీధి. వరసకు పెదనాన్న ఒకాయన అరటి గెల పట్టుకుని పరామర్శకొచ్చాడు. "దిగులు పడకురా అబ్బాయ్. మా అల్లుడి ఎరువుల కొట్లో లెక్కలు రాసే మనిషి కావాలంటున్నాడు. నేనో మాటేస్తాలే" అన్నాడు. జీతం కూడా చెప్పాడు. నా జీతం మీద ఊరు వేసిన అంచనా కంటే అదే ఎక్కువ!

ఇక పని సంగతి. కోనసీమలో వైర్లు కొబ్బరిచెట్ల కింద నుంచే వెళ్ళాలి, మట్టలు వైర్ల మీదే పడాలి. బెంగళూరులో ఉన్న మా మేనేజరుకి "మట్ట పడి నెట్టు తెగింది సార్" అని మొదటిసారి చెప్పినప్పుడు ఆయన దాన్ని సెలవు సాకుల్లో కొత్త రకం అనుకున్నాడు. ఫోటో పంపాక నమ్మాడు. ఇప్పుడు మీటింగు మొదలుపెట్టేముందు అంబాజీపేట మార్కెట్లో కాయ రేటెంతో అడుగుతున్నాడు. ప్రాజెక్టు ఎంతవరకొచ్చిందన్నది ఆ తర్వాతే.

నగరం రద్దీ తప్పించుకున్నామన్న సంతోషం సంక్రాంతి దాకానే. పంతంగి టోల్‌గేటు దగ్గర గంటలు గంటలు నిలబడ్డ కార్లన్నీ చివరికొచ్చి మా వాకిట్లో ఆగాయి. మిగతావాళ్ళు రాజమండ్రిలో రైలు దిగి బస్సుల్లో వచ్చారు. అమలాపురానికి రైలు లేదు మరి. కోటిపల్లి-నర్సాపురం లైను మంజూరైంది 2000-01 బడ్జెట్లో. అప్పుడు పుట్టినవాళ్ళకి పెళ్ళిళ్ళవుతున్నాయి, రైలు మాత్రం ఇంకా రాలేదు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికని దిగిన చుట్టాలు మంచాలన్నీ ఆక్రమించారు, ఫోను ఛార్జర్ల కోసం కొట్లాడుకున్నారు. మా ఆవిడ వేసిన అట్లు వేసినట్టే లాగిస్తూ, "మీకేమర్రా, పల్లెటూళ్ళో ప్రశాంతంగా ఉన్నారు" అన్నారు. పొయ్యి దగ్గర నుంచి మా ఆవిడ చూసిన చూపుకి అర్థం నాకొక్కడికే తెలుసు.

ప్రశాంతత అంటే నిశ్శబ్దమే అయితే అది ఇక్కడ దొరకదు. ధనుర్మాసంలో తెల్లారకముందే గుడి మైకు, ఆ తర్వాత కోళ్ళు, అటుపైన వార్తలు. ఆ వార్తలంటే మొదట్లో నాకు చిరాకుగానే ఉండేది. ఒకరోజు మా అమ్మాయి కాలవగట్టు మీద సైకిలు మీంచి పడింది. అది ఇల్లు చేరేలోపే నలుగురొచ్చి నివేదిక ఇచ్చారు: వంతెన దాటాక పడింది, కుడి మోకాలు, ఎముకకేం కాలేదు, టించరు రాశాం, ఏడవలేదు. వెనకాలే సైకిలు నడిపించుకుంటూ ఒకాయన, ఆయన చెయ్యి పట్టుకుని కుంటుతూ మా అమ్మాయి. మియాపూర్ అపార్ట్‌మెంట్లో గుమ్మానికో కెమెరా ఉండేది. అక్కడ ఇదే పిల్ల సైకిలు పోతే ఒక్క కెమెరా కూడా చూడలేదు.

అందుచేత ఊరికి మకాం మార్చాలనుకునేవారికి నేను చెప్పేదొకటే. ఇల్లు చూసుకునేముందు జవాబులు చూసుకోండి. ఎందుకొచ్చారు, ఎంతిస్తారు, ఎన్నాళ్ళుంటారు, హైదరాబాదులో ప్లాటు అమ్మేశారా, ఉంచుకున్నారా? పల్లెలో అద్దె తక్కువే, మిగతాది జవాబుల్లో చెల్లించాలి. బకాయి పెట్టారో, మీ తరఫున జవాబులు వాళ్ళే చెప్పేసుకుంటారు.