బంగళా కుక్కకు తొమ్మిది, మంద కుక్కకు సున్నా

అనంతపురంలో వాన తేదీ తప్పుతుంది. కరెంటు వేళ తప్పుతుంది. తప్పనిది ఒక్కటే, బంగళాలో హస్కీ గారి ఏడాది టీకా. మంచులో బండి లాగడానికి పుట్టిన ఆ జాతి, మే నెల 42 డిగ్రీల్లో ఏసీ కింద నాలుక వేలాడేసుకుని కాలక్షేపం చేస్తుంటుంది. ‘బ్రూనో సూది గడువు దగ్గర పడింది’ అని ఫోనుకు కబురు రాగానే ఇంటిల్లిపాదీ కారెక్కుతారు. ఊళ్లో డాక్టరు మీద గురి కుదరనివాళ్లు 200 కిలోమీటర్ల పైచిలుకు దాటి బెంగళూరు దాకా పోతారు. ఇక్కడున్నది ‘గొర్రెల డాక్టరు’ కదా మరి! ఈయన చదివిందీ ఆయన చదివిందీ అదే బీవీఎస్సీ అంటే మొహం చిట్లిస్తారు.

ఇంతకీ ఆ సూదిలో ఏముంది? ‘నైన్ ఇన్ వన్’ అట. తొమ్మిది అనేసరికి మనవాళ్లకు భక్తి పుడుతుంది, నవగ్రహాలకూ శాంతి జరిగిపోయినట్టు. లోపల అసలు బలగం మూడే: డిస్టెంపర్, పార్వో, అడినో. దగ్గు తెప్పించే పారాఇన్‌ఫ్లుయెంజా ఇంకొకటి. తక్కిన అంకె నింపడానికి లెప్టోస్పైరా రకాలను విడివిడిగా లెక్కేస్తారు. కొన్నింట్లో కుక్కల కరోనాను కూడా కలుపుతారు. దాన్ని వేయమని తాము చెప్పడం లేదని డబ్ల్యూఎస్ఏవీఏ, అంటే పెంపుడు జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం, తన మార్గదర్శకాల్లో రాసిపెట్టింది.

అదే సంఘం 2007 నుంచి ఇంకో మాట కూడా చెబుతోంది. కుక్కపిల్లకు 16 వారాలు నిండేదాకా వరుస సూదులు సరిగ్గా పడి, ఆరు నెలలకో ఏడాదికో మరొకటి పడితే, ఆ మూడు జబ్బులకూ తర్వాత మూడేళ్లలోపు మళ్లీ పొడవనక్కర్లేదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ షుల్ట్జ్ పరిశోధనల్లో ఆ రక్షణ ఇంకా చాలా ఏళ్లు నిలిచింది. లెప్టో సంగతి వేరు, దాని బలం ఏడాదికే తగ్గుతుంది. ఎలకల మూత్రం కలిసిన నీళ్లతో సోకే జబ్బు అది. నీళ్లే దొరకని జిల్లాలో నీటి జబ్బు పేరు చెప్పి మొత్తం తొమ్మిదీ పొడవడం కూడా ఒక విద్యే! మురికికాలవ పక్కన తిరిగే కుక్కకు లెప్టో వేయించాల్సిందే, కాదనను. దాన్ని విడిగా ఇచ్చే సీసాలు బజారులో ఉన్నాయి. అడిగినవాడేడీ? రేబిస్‌ది మూడో లెక్క. సీసా మీద ఏడాది అని ఉంటే ఏడాదే. ఆ జబ్బు రాజ్యమేలుతున్న దేశంలో మన డాక్టర్లు ఏటా వేయించమంటారు, అందులో బేరం లేదు.

నేరమంతా డాక్టరుదేననుకుంటే మనం కడిగిన ముత్యాలమన్నమాట. ఆయన కుక్కను బల్ల మీదికెక్కించి, పళ్లు చూసి, గుండె విని, చెవుల వెనక పిడుదులు వెతికి, “ఈ ఏడు సూది వద్దు, చూసినందుకు ఫీజు ఇవ్వండి” అన్నాడనుకోండి. “ఊరికే చూసినందుకు డబ్బులా?” అని బజారంతా చాటింపు వేస్తాం. అదే సూదికైతే మారుమాట లేకుండా పర్సు తీస్తాం. సలహాకు విలువ కట్టని ఊళ్లో సలహా సిరంజిలో దూరి వస్తుంది. ఈ ఎండల గడ్డ మీద ఇంటి గోడ పగుళ్లలో కాపురముండే పిడుదు మోసుకొచ్చే ఎర్లీకియా జ్వరానికి మన బజారులో టీకాయే లేదు. దానికి కావలసింది వెతికే చెయ్యి. ఆ చేతికే మనం కూలి ఇవ్వం.

డాక్టర్ని ఎంచుకునే తీరు మరీ ముచ్చట. హాల్లో చేపల తొట్టి ఉందా? గోడ మీద ఫారిన్ కుక్కల ఫొటోలున్నాయా? అయితే పెద్ద డాక్టరే. రిటైరైన కాంపౌండరో, కుక్కపిల్లలమ్మే దుకాణం కుర్రాడో పొడిస్తే ‘హస్తవాసి మంచిది’. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేయాలంటే మండలిలో పేరు నమోదై ఉండాలి. సెంటు స్థలం కొనేటప్పుడు ఈసీ తీయించే జాతికి ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మాత్రం మొహమాటం.

ఫ్రిజ్ గురించి అసలే అడగరు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మందుల షాపులో కూల్‌డ్రింకుల మధ్య కూర్చుని, కరెంటు కోతలన్నీ అనుభవించి, కవర్లో ఐసుముక్కతో ఆర్టీసీ బస్సెక్కి తాడిపత్రి చేరిన సీసాలో ఏం మిగులుతుంది? పార్వో, డిస్టెంపర్ టీకాలు బతికున్న వైరస్‌తో చేసేవి, వేడికి చచ్చి ఊరుకుంటాయి. సూది పడింది, కార్డు మీద సంతకం పడింది, యజమానికి నిద్ర పట్టింది. రక్షణ లేనిది కుక్కకే. ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టినవాడు, పొడిచే ముందు జ్వరం చూసేవాడు, సీసా స్టిక్కరు ఊడదీసి కార్డుకు అంటించేవాడు, “ఈసారి ఇది వద్దు” అనగలిగినవాడు దొరికితే వదలకండి. చేపల తొట్టి లేకపోయినా ఆయనే డాక్టరు.

ఇక రెండో కుక్క. కళ్యాణదుర్గం, రాయదుర్గం బీళ్లలో గొర్రెల మంద వెంట నడిచే కుక్క. రాత్రి తోడేలును తరిమేది అదే. పిచ్చికుక్క ఎదురైతే ముందుగా కాటు తినేదీ అదే. దాని కాపరి టీకా తెలియనివాడు కాదు సుమా. చిటుకు రోగం సూది ఏటా వానలకు ముందు పడాలనీ, పీపీఆర్ సూది ఒకసారి పడితే మూడేళ్లు కాస్తుందనీ ఆయనకు తెలుసు. కారులో తిరిగే హస్కీ యజమానికి ఇంకా ఎక్కని పాఠం అది. కుక్క మాట ఎత్తండి: “కుక్కకు సూదేంది సార్, దాన్నేమన్నా సంతలో అమ్ముతామా?” అంటాడు. మనిషిని కరిస్తే ఆకు పసరు.

ప్రభుత్వం ఊరుకుందా? లేదు. 1885 జూలై 6న పాశ్చర్ రేబిస్ టీకా జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి మొదటిసారి పడింది. ఆ గుర్తుగా ఏటా అదే రోజున పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ సూది ఉచితం. వరుసలో పొమరేనియన్లు, ల్యాబ్రడార్లు, పక్కన ఫొటో దిగే నాయకులు. డబ్బిచ్చుకోగల కుక్కకే ఉచితం అందుతుంది. మంద కుక్కకు ఆ రోజు కూడా డ్యూటీ. రేబిస్ ఆగాలంటే కుక్కల్లో 70 శాతానికి టీకా పడాలి, ఒకే హస్కీని పదిసార్లు పొడిచినా ఆ శాతం కదలదు.

2024లో దేశంలో 37 లక్షల పైచిలుకు కుక్కకాట్లు, రేబిస్ అనుమానంతో 54 మరణాలు అని కేంద్రం పార్లమెంటుకు లెక్క చెప్పింది. ఆ మరణాలు ఏటా 18 వేల నుంచి 20 వేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాటుకు గురైనవాళ్లను లెక్కించినంత శ్రద్ధగా పోయినవాళ్లను లెక్కించలేదన్నమాట. 2030 నాటికి రేబిస్‌ను రూపుమాపుతామని 2021లో జాతీయ ప్రణాళిక అయితే అచ్చయింది.

పశుసంవర్ధక శాఖ వారికి ఒక్క విన్నపం. చిటుకు రోగం టీకాకు ఐస్‌పెట్టె మోసుకుని మంద దగ్గరికి ఎలాగూ పోతున్నారు, అదే పెట్టెలో రేబిస్ సీసాలు కూడా పెట్టుకోండి. కుక్క అక్కడే ఉంటుంది, కాపరి పట్టుకుంటాడు. హస్కీ యజమానులూ, మీరు ఒకసారి కార్డు తీసి తేదీలు చూడండి. డిస్టెంపర్, పార్వో సూది పడి మూడేళ్లు కాకుంటే, డాక్టర్ని అడిగి ఈ ఏడు ఆ సీసా మానేయండి. ఆ మిగిలిన డబ్బుతో మీ వీధి కుక్కకు రేబిస్ సూది వేయించండి.