అయిదున్నర గంటల అజ్ఞానం

కంప్యూటర్ల సంగతి నాకు బాగా తెలుసని మా ఇంట్లో పేరు. ఆ పేరు నాకు నేను పెట్టుకున్నదే.

ఆ ధీమాతోనే విండోస్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు కూడా ఎక్కించాను. అప్పట్నుంచి దాని గడియారానికి పిచ్చి పట్టింది. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే సాయంత్రం నాలుగింటికి పొద్దున పదిన్నర చూపించేది. చేత్తో దిద్దేవాణ్ణి. ఈసారి ఉబుంటు తెరిస్తే రాత్రి తొమ్మిదిన్నర! నెట్ అందగానే అది సర్దుకునేది, విండోస్ మళ్లీ చెడేది.

బ్యాటరీ అయిపోయిందని తీర్పు చెప్పేశాను. క్యాబినెట్ పక్క రేకు విప్పి, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీని, అదే సీఆర్ 2032ని, స్క్రూడ్రైవర్ మొనతో పెకలించాను. టప్పున ఎగిరి బీరువా కిందికి దొర్లింది. కొత్తది వేస్తే బయోస్ సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి. రెండు సిస్టమ్‌లూ ఒకసారి తిరిగేసరికి అదే తేడా. నకిలీ బ్యాటరీ అంటగట్టారని షాపుకెళ్లి ఎగిరాను.

కౌంటర్లో కుర్రాడు తాపీగా అడిగాడు. "ఎంత తేడా వస్తోంది సార్?"

"అయిదున్నర గంటలు."

"ఎప్పుడూ అంతేనా?"

"అంతే."

"బ్యాటరీ పోతే తేదీతో సహా ఏళ్లు వెనక్కి పోతాయి సార్. లెక్కపెట్టినట్టు అయిదున్నర గంటలే ఎందుకు పోతుంది? గ్రీన్‌విచ్‌కీ మనకీ తేడా ఎంత?"

82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమని బట్టీపట్టి బళ్లో మార్కులు కొట్టేసినవాణ్ణి. నోరు పెగల్లేదు.

మదర్‌బోర్డు గడియారంలో ఉండేవి అంకెలే. అది ఏ దేశపు టైమో అందులో రాసి ఉండదు. డాస్ కాలం నుంచి వచ్చిన అలవాటు కొద్దీ విండోస్ దాన్ని స్థానిక సమయంగా చదువుతుంది. ఉబుంటు లాంటి లినక్స్ మామూలుగా యూటీసీ, అంటే గ్రీన్‌విచ్ సమయం, అనుకుని, మన కోసం అయిదున్నర గంటలు కలిపి చూపిస్తుంది, దిద్దినప్పుడు యూటీసీనే తిరిగి రాస్తుంది. ఒకే పలక మీద ఇద్దరు చెరో లెక్కా వేస్తుంటే, నేను పలక మార్చాను.

మందు ఒక్క వరుస. ఉబుంటు టెర్మినల్లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అని కొడితే అది కూడా స్థానిక సమయానికి ఒప్పుకుంటుంది. ఈ పద్ధతి అంత మంచిది కాదని ఆ ఆదేశమే హెచ్చరిస్తుంది. ఎండాకాలానికో టైమూ చలికాలానికో టైమూ మార్చే దేశాల్లో ఇబ్బందే. మనకా బాధ లేదు. ఆ మార్పు వద్దనుకుంటే విండోస్ రిజిస్ట్రీలో 'రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్' విలువ 1 పెట్టి, దాన్నే యూటీసీకి తిప్పుకోవచ్చు. రెండింట్లో ఏదో ఒకటే చేయాలి. నాలాంటివాడు రెండూ చేసి, ఈసారి అటువైపు తేడా తెచ్చుకుంటాడు.

పాడైన గడియారం ఇంత క్రమశిక్షణగా తప్పు చూపదు. ఆ తేడాయే రోజూ జవాబు చెబుతుంటే, నేను తప్పని మాత్రమే చూశాను, ఎంత తప్పో చూడలేదు. ఇప్పుడెవరైనా టైం తప్పు చూపిస్తోందంటే, స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే "ఎంత?" అని అడుగుతున్నాను. ఇంట్లో నా పేరు ఇంకొంచెం పెరిగింది.