సాలీటి సాపాటు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పిల్ల సాలె కిమ్ము పిసరంత పురుగును
వారమునకు పెద్దవాటి కొకటి
కుబుస మొలుచు వేళ గుడువఁబెట్టకుమయ్య
తినని దాని నపుడె తీయవలయు

అవతారిక: ఎనిమిది పాదాల జీవి పోషణను నాలుగు పాదాల్లో కుదించిన ఈ పద్యం కొత్తగా టారంటులాను పెంచబోయేవారిని ఉద్దేశించినది. టారంటులా అంటే ఒళ్లంతా నూగు ఉన్న పెద్ద సాలీడు. వాకిట్లో గూడల్లి ఈగ తగులుకునేదాకా కాచుకునే రకం కాదు; తొర్రలోనో కలుగులోనో పొంచి ఉండి, దగ్గరికొచ్చిన పురుగు మీద దూకేది. నల్లమల దాని పుట్టిళ్లలో ఒకటి. అమ్రాబాద్ పీఠభూమి పులుల మీద పుటలకు పుటలు రాసుకున్న మనం అదే అడవికి చెందిన సాలీటికి ఒక్క పద్యం, దానికొక టీక ఇస్తే తెలుగు సాహిత్యం అరిగిపోదు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పూనిన వ్యాఖ్యాత కొలచాల మల్లినాథ సూరి మన మెతుకుసీమ (మెదక్) వాడే. ఆ ప్రతిజ్ఞలో రెండో సగాన్ని మాత్రమే పాటించగలం, ఎందుకంటే ఈ కవి చెప్పినదానికంటే మింగినదే ఎక్కువ.

ప్రతిపదార్థం: పిల్ల సాలెకు = గుడ్ల సంచిని వీడి సొంతంగా వేట మొదలుపెట్టిన బుల్లి సాలీటికి; పిసరంత పురుగును = దాని పొట్టకంటే పెద్దది కాని ఇలకోడి పిల్లను, అదీ దొరక్కపోతే చంపిన ఇలకోడి కాలు ముక్కను; ఇమ్ము = మూడు నాలుగు రోజులకొకసారి పెట్టుము; పెద్దవాటికి = ఎదిగిన సాలీళ్లకు; వారమునకు ఒకటి = వారానికో పది రోజులకో ఒక ఇలకోడినో బొద్దింకనో; కుబుసము ఒలుచు వేళ = పాత చర్మం విడిచే కాలంలో, దానికి ముందూ వెనకా; కుడువన్ పెట్టకుము = తిండి జోలికి పోకుము; అయ్య = ఓ కొత్త పెంపకందారుడా; తినని దానిని = వదిలేసిన పురుగును; అపుడె = మర్నాటి పొద్దుటికల్లా (సాలీడు రాత్రి వేటాడేది గనుక ఒక రాత్రి గడువియ్యడం న్యాయం); తీయవలయు = పట్టకారుతో బయటికి తీయాలి, వేళ్లతో కాదు. గుడ్ల సంచిలో ఉన్న దశ గురించి కవి పలకలేదు. అది లోపం కాదు. అక్కడ గుడ్డుకు కాళ్లు మొలిచినట్టుండే పిల్ల తన పచ్చసొన మీదే బతుకుతుంది, మన వడ్డనకు తావే లేదు.

తాత్పర్యం: పద్యం పైకి వంటింటి పట్టీలా కనిపిస్తుంది: ఎవరికి ఎంత, ఎన్నాళ్లకు. కానీ మొదటి రెండు పాదాలు పెట్టమంటే చివరి రెండూ ఆపమనీ తీయమనీ అంటాయి. ఈ పద్యానికి ప్రాణం మూడో పాదమనీ, తక్కినవన్నీ దాని పరివారమనీ మా సిద్ధాంతం. ఎట్లంటే, సాలీడు తిండితో లావెక్కుతుంది, కుబుసంతో పెరుగుతుంది. దాని అస్థిపంజరం ఒంటిపైనే ఉన్న గట్టి పెంకు. ఎంత తిన్నా కాళ్లు, తలభాగం ఒక్క పిసరు సాగవు. మెత్తని పొట్ట మాత్రం ఉబ్బుతుంది. ఆ పెంకు వదిలి, లోపల సిద్ధమైన కొత్త చర్మం గట్టిపడేలోపు సాగినంతే దాని పెరుగుదల. పిల్ల దశలో ఇది నెలకో రెండు నెలలకో జరిగితే, ఎదిగిన ఆడదానికి ఏడాదికొకసారి జరగొచ్చు. దశలను లెక్కపెట్టాల్సింది పుట్టినరోజులతో కాదు, విడిచిన చర్మాలతో. తెగిపోయిన కాలు తిరిగి మొలిచేది కూడా ఆ చర్మంతోపాటే. ఇంకా చిత్రం ఏమిటంటే, సాలీడు పైచర్మం ఒక్కటే విడవదు. కోరలు, నోరు, ఆహారాన్ని పీల్చుకునే జీర్ణాశయపు లోపలి పొర కూడా ఊడివస్తాయి. సాలీడు నమిలి మింగదు, వేటను ద్రవంగా మార్చి పీలుస్తుంది. ఆ పీల్చే యంత్రమే విప్పి పెట్టినప్పుడు విందు ఎవరికి? కొత్త కోరలు మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా, గట్టిపడ్డాక నల్లగా మారతాయి. నలుపు వచ్చేదాకా, పెద్దదానికైతే వారమో పది రోజులో, ఆగాలి. నాలుగో పాదం మూడో పాదానికి కాపలా అనడానికి ఆధారం ఇది: వెల్లకిలా పడుకుని కదల్లేని స్థితిలో ఉన్న సాలీటిని డబ్బాలో మిగిలిన ఇలకోడి కొరికి చంపగలదు. ఆ రాత్రి భోజనమే భోక్త అవుతుంది.

ఇక పూర్వపక్షాలు. ఒలిచే వేళ వచ్చిందని ముందే తెలిసేదెట్లా అని మొదటి ఆక్షేపణ. అది చెప్పకనే చెబుతుంది: తిండి ముట్టదు, రంగు మాసిపోతుంది, పొట్ట నల్లబడి నిగనిగలాడుతుంది, కొన్ని రకాలు తొర్ర మూతికి పట్టు అల్లుకుంటాయి. రోగమేమోనని కొత్తవారు కంగారుపడి ఇంకో పురుగును వేసేది సరిగ్గా ఇప్పుడే. వెల్లకిలా ఉన్నదాన్ని చచ్చిందనుకుని తిప్పి చూసేవారూ ఉన్నారు. చచ్చిన సాలీడు సాధారణంగా కాళ్లు ముడుచుకుని బోర్లా పడి ఉంటుంది. వెల్లకిలా పడుకున్నది పనిలో ఉంది. ముట్టుకోకుండా నీళ్ల గిన్నె నింపి తప్పుకోవాలి. కవి నీళ్ల మాట ఎత్తకపోవడాన్ని మాత్రం మేము సమర్థించం. పాలమూరు ఎండల్లో తిండి లేని నెలకంటే నీళ్లు లేని వారం ప్రమాదం.

ఆకలితో మాడ్చడం పాపం కాదా అనేది రెండోది. కోడికి గింజలు, ఆవుకు గడ్డి వేసే అలవాటు నుంచి పుట్టిన దయ ఇది. టారంటులా ఒంట్లో ఖర్చు చాలా తక్కువ. ఎదిగినది నెలల తరబడి తినకుండా ఉండగలదు. కొలబద్ద పొట్టే: తలభాగం కంటే చిక్కితే పెట్టు, బాగా ఉబ్బితే ఆగు. ఉబ్బిన పొట్టతో గోడ ఎక్కి జారిపడ్డ సాలీటికి పొట్ట పగలడం మామూలు చావే. మూడో ఆక్షేపణలో కొంత నిజముంది: ఎక్కువ పెడితే, వెచ్చగా ఉంచితే త్వరగా ఎదుగుతుందని. ఎదుగుతుంది. కానీ మగదానికి ఎదగడమంటే ఆఖరి కుబుసానికి చేరడం. అటుపైన జత కోసం తిరగడమే పని, ఆయువు కొద్ది నెలలు, మహా అయితే ఏడాది పైచిలుకు. నల్లమలకు చెందిన మన గుత్తి సాలీటిలో ఆడది పదకొండు, పన్నెండేళ్లు బతికితే మగది మూడు, నాలుగేళ్లే. దాన్ని తొందరపెట్టి పెంచడం చావును ముందుకు జరపడమే.

పాఠభేదం: రెండో పాదాన్ని ‘రోజు రోజు పెద్దవాటి కొకటి’ అని చదివేవారున్నారు. యతి చెడింది, సాలీడూ చెడుతుంది, పరిహార్యం. ‘పురుగును’ అన్నచోట ‘పత్తి చేను పురుగును’ అని పూరించుకునే పొదుపరులకు ఒక మాట: అచ్చంపేట, అమ్రాబాద్ చేలల్లో పట్టిన పురుగు ఒంట్లో పిచికారీ మందు ఉండొచ్చు. పురుగును చంపేందుకు చేసిన మందుకు సాలీడు మినహాయింపు కాదు.

విశేషం: స్థానికులు వేసే ఆక్షేపణ ఒకటి మిగిలింది. అడవి ఇంటి ముందే ఉండగా, చెట్టు తొర్రలోంచి ఒకదాన్ని తెచ్చుకుంటే పోలా? పోదు. అడవిలో పట్టినది ఏ కుబుసంలో ఉందో తెలియదు. ఆఖరి కుబుసం దాటిన మగదాన్ని తెచ్చుకుని పై లెక్కలన్నీ వేయడం వృథా. రెండోది, చెట్ల మీద బతికే మన జాతి సాలీళ్లు మహా చురుకైనవి; కరిస్తే నొప్పి, కండరాల పట్టు రోజుల తరబడి వేధిస్తాయి. అసలు సంగతి మూడోది. నీలంగా మెరిసే నెమలి టారంటులాను, అంటే పైన చెప్పిన గుత్తి సాలీటినే, శాస్త్రవేత్త పోకాక్ 1899లో లోకానికి పరిచయం చేసినప్పుడు దాని చిరునామా గుత్తి రైల్వే కలప యార్డు. అది కలపతోపాటు రైలెక్కి వచ్చిన బాటసారి అని తర్వాతివారు ఊహించారు. ఊహ వమ్ము కాలేదు: 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో అది మళ్లీ దొరికింది. అప్పటికి వంద చదరపు కిలోమీటర్లకు మించని ఆ తావు తప్ప దానికి వేరే ఇల్లు తెలియలేదు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల్లో చేర్చింది. విదేశాల్లోని డబ్బాల్లో వేలకొద్దీ పుడుతున్న జీవికి సొంత అడవిలో తొర్రలు కరువవుతున్నాయి, ఎందుకంటే తొర్ర పడేది పాత చెట్టుకే, కలపకు ముందు కొట్టేదీ దాన్నే.

కృష్ణకు అవతల నంద్యాల అడవి, ఇవతల అమ్రాబాద్; నల్లమల మాత్రం ఒకటే. ఇవతలి వైపు రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైగా పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా పట్టుకుపోగూడదన్నది పులిని ఒక్కదాన్నే కాదు. పైగా 2019లో నెమలి టారంటులా ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైట్స్ రెండో అనుబంధంలోకి ఎక్కింది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత, సైట్స్ అనుబంధాల్లోని జీవిని ఇంట్లో ఉంచుకున్నవారు నమోదు చేయించుకోవాలి. కాబట్టి నాలుగో పాదంలోని ‘తీయవలయు’కు కర్మ డబ్బాలో మిగిలిన ఇలకోడి మాత్రమే. ఆ క్రియను మన్ననూరు దారిలోని తొర్రలో ఉన్న సాలీటికి అన్వయించడం వ్యాకరణానికీ చట్టానికీ కూడా దోషం.