ప్లీట్లు పీకే కాలం

ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పలచటి పిండిలో గుడ్డ ముంచి, కాలుతున్న బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు. దానికి నెయ్యి రాసి, పంచదార జల్లి, మడత మీద మడత పెడితే ఊరికి పేరు. మడతలో ఏముందో తెలిసిన జనం భూమ్మీద ఉన్నారంటే ఇక్కడే ఉండాలి. అలాంటి చోట పెళ్లిళ్ల రోజులు రాగానే టైలరు బల్ల మీద గుట్టగా పడేవి ప్లీట్ల ప్యాంట్లు. తెచ్చిన ప్రతివాడి కోరికా ఒకటే. "బాబాయ్, ఈ ప్లీట్లు పీకేసి ఫిట్టింగు చేసిపెట్టు."

వీళ్ల సిద్ధాంతం ప్రకారం ప్లీటంటే ముసలితనం. అది పోతే పొట్ట తగ్గుతుంది, కాళ్లు పొడుగవుతాయి, నాన్నగారు 1990ల్లో కుట్టించుకున్న ప్యాంటు కొడుక్కి నిన్న కొన్నట్టు కుదురుతుంది. ఖర్చంటారా, ఒక్క కుట్టు.

ఆ ఒక్క కుట్టు సంగతి చూద్దాం. ముందు నడుం పట్టీ విప్పాలి. ఒక్కో ప్లీటులో అంగుళం పైచిలుకు గుడ్డ దాగుంటుంది. అటు రెండు, ఇటు రెండు అనుకుంటే నాలుగంగుళాలకి తక్కువ కాకుండా బయటపడుతుంది. దాన్ని ఎక్కడ దాచాలి? పక్క కుట్టులోకి తొయ్యాలి. అక్కడ జేబు కాపురముంది. క్రాస్ పాకెట్టు నోరు బిగుసుకుపోయి చెయ్యి దూరదు, దూరిందా మళ్లీ రాదు. ప్లీటు దగ్గర మొదలై పాదం దాకా దిగే ఇస్త్రీ గీతకి పైన ఆధారం పోతుంది. ఇన్నేళ్లూ ఎండ సోకని మడత లోపలి గుడ్డ, విప్పగానే నిలువు చార రూపంలో దర్శనమిస్తుంది. ఇంత శ్రమ ఎందుకనుకున్న టైలరు ప్లీటు మీద నాలుగు టాకాలేసి మూసేసి పంపిస్తాడు. తెచ్చినవాడు అదే ఫిట్టింగనుకుని అద్దం ముందు ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

అసలు చోద్యం వేరే ఉంది. "నిలబడితే ప్లీటు నోరు తెరుచుకుంటోంది, అందుకే తీసెయ్యమంటున్నా" అనే పెద్దమనుషులుంటారు. అయ్యా, ప్లీటు తెరుచుకోవడమంటే పిరుదుల దగ్గరా తొడల దగ్గరా గుడ్డ చాల్లేదని అది మొరపెట్టుకోవడం. వదులు చేయించాల్సిన చోట ఈయనగారు మొరపెట్టుకున్నదాని నోరు కుట్టిస్తున్నారు.

ప్లీట్ల మీద కక్ష కొత్తదేం కాదు లెండి. 1942లో అమెరికా ప్రభుత్వమే మగవాళ్ల ప్యాంట్లకి ప్లీట్లు పెట్టొద్దని ఆంక్ష విధించింది. అది రెండో ప్రపంచ యుద్ధం, సైన్యానికి ఉన్ని కావాలి, అంగుళం గుడ్డయినా లెక్కే. మరి మనకే యుద్ధమొచ్చింది? పక్కనున్న బొబ్బర్లంక మీదుగా ఎవరైనా దండెత్తి వస్తున్నారా?

ప్లీటు పుట్టింది కూర్చోడానికి. నిలబడ్డప్పుడు ముడుచుకుని, కూర్చోగానే విచ్చుకుని చోటిస్తుంది. తాతగారి పంచె చూడండి, ముందంతా కుచ్చిళ్లే. ఆ పంచెతోనే ఆయన గోదారి గట్టెక్కుతారు, సైకిలు తొక్కుతారు, పంక్తిలో బాసింపట్టు వేసుక్కూర్చుని రెండోసారి పులిహోర వేయించుకుంటారు. ఆ కుచ్చిళ్లు పీకించుకోమని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికుంది? మనవడు మాత్రం బఫే అంటే నిలబడే తింటాడు. ఫ్యాషనని మనం అనుకుంటాం గానీ, కూర్చుంటే ఏమవుతుందో ఆ ప్యాంటుకే తెలుసు.

నిజంగా బాగుచేయించుకోవాలంటే దారుంది, కాకపోతే అందులో గొప్పలు చెప్పుకోడానికేం లేదు. వెనక సీటు కుట్టులో అంగుళం, అంగుళమున్నర లోపలికి పట్టించొచ్చు. అంతకు మించితే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి కబుర్లు మొదలెడతాయి. మోకాలి కింద నుంచి బాటమ్ కాస్త సన్నం చేయించొచ్చు. ప్లీట్లని వాటి మానాన వాటిని వదిలేయొచ్చు.

ఈలోగా కుర్రాళ్లు కొరియన్ ప్యాంట్లని కొంటున్నారు. వాటికి ముందు ఏమున్నాయనుకున్నారు? ప్లీట్లే! తండ్రి ప్యాంటుకి పీకించినవాడే ఇప్పుడు డబ్బిచ్చి కొనుక్కుంటున్నాడు. పాతదానికి మళ్లీ పెట్టమంటే టైలరేం చేస్తాడు, కోసి పారేసిన గుడ్డ మళ్లీ మొలవదు కదా.

అందుకని పంచాయతీ వారికి నాదో విన్నపం. టైలరు షాపుల్లో నిలువుటద్దాలు తీయించి చాపలు వేయించండి. ప్లీట్లు పీకించదలచినవారు అదే ప్యాంటుకి ప్లీట్ల మీద పిన్నీసులు పెట్టించుకుని చాప మీద కూర్చోవాలి. ఎదురుగా అరిటాకు పరిచి పప్పు, పులుసు, పెరుగు వరసగా వడ్డించాలి. పెరుగన్నం అయ్యాక పిన్నీసు ఊడకుండా, చెయ్యి నేలకి ఆనకుండా లేచినవాడి ప్యాంటు మీదే కత్తెర పెట్టాలి. కొలతకి డబ్బులు తీసుకోనక్కర్లేదు. భోజనం ఖర్చు మాత్రం ప్యాంటు తెచ్చినవాడిదే.