సిమెంటు షేరునకు సూతకము

ధర్మశాస్త్రము చదివినవారు దేశమున క్రమముగా అంతరించిపోవుచున్నారనియు, ఏ బంధువు పోయినచో ఎవ్వరికి పది దినముల మైలయో, ఎవ్వరికి స్నానముతో తీరునో తడుముకొనక చెప్పగల పెద్దలు అగ్రహారములలో సైతము కానరాకున్నారనియు చిరకాలముగా చింతించుచుండిన నావంటివానికి, ఆ విద్య నశింపలేదనియు, ఢిల్లీలో ఆర్థిక మంత్రిత్వశాఖవారి బీరువాలలో అది సురక్షితముగా నున్నదనియు 1992లో తెలియవచ్చి మనసు కుదుటపడినది. ఆ యేటి జూన్ 6వ తేదీన రాష్ట్రపతిగారి పేర వెలువడిన ఆర్డినెన్సును చదివి, అది బ్యాంకుల సొమ్ముతో షేర్లనాడిన బొంబాయి కుంభకోణమున దొంగలను పట్టుటకై చేసిన శాసనమని ప్రజలు సంబరపడిరి. పాపము, వారికి శాస్త్రపరిచయము లేదు. అది దండనీతి కాదు, ఆశౌచకాండము.

ప్రకటిత వ్యక్తుల ఆస్తి యావత్తును, వారి పేరు గెజెటుకెక్కిన క్షణముననే జప్తయినట్లు ఆ శాసనము వచించినది. మంచిదే. కాని షేర్ల దళారి హర్షద్ మెహతా వంటివాని ఆస్తి కుండలో పూడ్చిన బంగారము కాదు గదా! వాని పేరనో, వానివారి పేరనో కంపెనీ పుస్తకములలో నమోదై, వెనుక ఒక సంతకము మాత్రము చేసి కొనువాని పేరు వ్రాయక విడిచిన బదిలీపత్రమును తోకవలె తగిలించుకొని, బొంబాయి దళారి చేతినుండి హైదరాబాదు దళారి చేతికి, అటనుండి ఉపదళారి చేతికి మారి, తుదకు ఏ గుంటూరులోనో ఏ కరీంనగరులోనో పదవీవిరమణ చేసిన యొక హెడ్మాస్టరుగారి ఇనుపపెట్టెను చేరిన షేరు కాగితము ఎవ్వరి ఆస్తి? రూపాయలు పోసి కొనినాడు గావున హెడ్మాస్టరుదే యని లోకము. కంపెనీ పుస్తకములో పేరింకను మారలేదు గావున అది మైలపడినదని శాసనము. ఆయన బదిలీకై పంపిన కవరు పంపినట్లే తిరిగివచ్చినది. ఆ కాగితమును ఆయన అమ్మరాదనియు, తన పేర వ్రాయించుకొనరాదనియు తేలెను; దూరమునుండి చూచుటకు మాత్రము అభ్యంతరము లేకుండెను.

ఆశౌచమున ప్రధానమైనది కాలనిర్ణయము. సపిండులకు పది దినములు, దూరపు జ్ఞాతులకు మూడు దినములు, దేశాంతరమున గతించినవాని వార్త ఏండ్లు గడచిన పిమ్మట వినినచో స్నానమాత్రము అని పూర్వులు తూచి తూచి విధించిరి. నూతన స్మృతికర్తలు అంతటి శ్రమకు ఓర్వలేదు. 1991 ఏప్రిల్ 1 మొదలు 1992 జూన్ 6 వరకు, అనగా పదునాలుగు నెలల ఆరు దినములు, ఈ వ్యక్తుల చేతులమీదుగా నడచిన లావాదేవీలన్నిటికిని ఈ శాసనము వర్తించునని ఒక్క కలపుపోటుతో తేల్చివైచిరి. మరణానంతరము పట్టు మైలను మనము ఎరుగుదుము. మరణమునకు పదునాలుగు నెలల ముందు పట్టిన మైలను పరాశరుడును ఎరుగడు. చచ్చినవాడు సుఖముగా బ్రతికి, బొంబాయిలో బంగళాలు కట్టి, విందులు చేయుచుండిన కాలమున వాని వీథిలో నడచిపోయినవారందరును అప్పుడు తడిబట్టలతో నిలుచుండవలసివచ్చెను. ఆ విందులలో భుజించినవారి సంగతి వేరు. వారికి స్నానము విధింపబడలేదు.

ఈ సూతకము మిక్కిలి గాఢముగా పట్టినది ఎ.సి.సి. షేరునకు. అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీస్ అను ఈ సంస్థ 1936లో పది సిమెంటు కంపెనీలు కలసి ఒక్కటగుటచేత ఏర్పడినది. 1992లో మన మంచిర్యాలలోను దానికొక కార్ఖానా ఉండెను. సున్నపురాయిని కాల్చి, పొడిచేసి, బస్తాలకెత్తుట దాని వృత్తి. అంతకంటె అద్భుతమైన దేదియు అది ఎన్నడును చేసి యెరుగదు. అట్టి సంస్థ షేరు రెండు మూడు వందలు పలుకుచుండగా ఒకనాడు హర్షద్ మెహతా దానికి ప్రాణప్రతిష్ఠ చేసెను. ఇట్టి కార్ఖానాలను ఈనాడు క్రొత్తగా కట్టవలెనన్న ఎంత వ్యయమగునో అంత విలువ ఆ షేరునకు కలదనునది అతడు ఉపదేశించిన మంత్రము. మంత్రమునకు ఫలమెట్లుండునో చూడుడు: 1992 జనవరి నడుమ రెండు వేలు దాటిన బొంబాయి షేర్ల సూచిక ఏప్రిల్ 22 నాటికి 4,467కు ఎగబ్రాకెను, ఎ.సి.సి. షేరు తొమ్మిది వేలను ముట్టెను. ఈ నడుమ మంచిర్యాలలో నలుబది రెట్లు సున్నపురాయి కాలలేదు. నలుబది రెట్లు ఇండ్లును దేశమున లేవలేదు. దేవుడు వెలసిన తావున దుకాణము వెలయును గావున, వీథివీథిని షేర్ల దరఖాస్తులమ్ము బల్లలు వెలసినవి. ఏప్రిల్ 28న సూచిక ఒక్కనాడే నూటికి పన్నెండు పాళ్లు మించి కూలిన తరువాత గాని విగ్రహము మట్టిదని భక్తులకు తోపలేదు.

ఇక సంసర్గదోషము. మైలపడిన షేరును శుద్ధమైన షేరుతో కలిపి ఒకే పెట్టెలో నుంచినచో రెండవదానికిని మైల అంటునా? అంటినచో హెడ్మాస్టరుగారి బీమా పాలసీ మాటయేమి, అదే అరలోనున్న కుమార్తె జాతకము మాటయేమి? మైలషేరునకు కంపెనీ ఇచ్చు డివిడెండు, ఆశౌచగృహమున వండిన అన్నమువలె వర్జ్యమా, లేక పండ్లవలె గ్రాహ్యమా? అట్టి షేరునకు బోనసు షేరు పుట్టినచో దానికి తల్లివలని మృతాశౌచము పట్టునా, పుట్టువువలని జాతాశౌచము పట్టునా, రెండును ఒక్కమారే పట్టినచో పెద్దదానితో చిన్నది తీరునా? ఈ సూక్ష్మములను శాసనము స్పృశింపలేదు. ఏ ప్రధాన కార్యదర్శిగారైనను ఒక వ్యాఖ్యానము వ్రాయించి, ఆచార్యపురుషులకు శాలువాలు కప్పి, విజ్ఞానభవనమున ఆవిష్కరింపజేసినచో లోకమునకు ఉపకారమగును.

అన్నిటికంటె విచిత్రమైనది మైలకు గుర్తు లేకపోవుట. మైలబట్టను చూచి పిల్లవాడైనను తప్పుకొనును. షేరు కాగితము లన్నియు ఒక్క అచ్చున పుట్టినవి. అదే ముద్ర, అదే సంతకము, వరుససంఖ్య మాత్రము వేరు. మార్చినెలలో హెడ్మాస్టరుగారు దానిని కొనినప్పుడు దానిపై నున్న పేరు గెజెటులో లేదు; పైగా ఆ పేరుగల మనుష్యుని బొమ్మలు పత్రికలు ముఖపత్రములపై వేసి, అతడు కట్టు ఆదాయపుపన్నును కీర్తించుచుండినవి. నాడు ఆ పేరుండుట పవిత్రతకు చిహ్నము. ఉపదళారి దానిని వ్రేలితో చూపి, "మాస్టారూ, సాక్షాత్తు ఆయన చేతిమీదుగా వచ్చిన షేరండీ!" అని తీర్థమిచ్చినట్లు ఇచ్చి, దానికి వేరుగా దక్షిణ పుచ్చుకొనినను ఆశ్చర్యపడను.

శుద్ధి లేకపోలేదు, కలదు. కస్టోడియను అను పురోహితుని, బొంబాయిలో ప్రత్యేక న్యాయస్థానమను పీఠమును ప్రభుత్వము ఏర్పరచినది. తాను సద్బుద్ధితో, వెలయిచ్చి, కుట్ర యెరుగక కొనినట్లు కొనినవాడే రుజువు చేసికొనవలసియుండెను. అందులకు పంచగవ్యము: దళారి ఇచ్చిన కాంట్రాక్టు నోటు, బిల్లు, రొక్కము చెల్లినట్లు బ్యాంకు పుస్తకము, స్టాంపు కాగితముపై ప్రమాణపత్రము, దానిపై నోటరీ ముద్ర. మన ఊళ్లలో ఉపదళారులు కాంట్రాక్టు నోట్లు వ్రాసి యిచ్చు ఆచారమును ఎంత నిష్ఠతో పాటించుచుండిరో పాఠకులకు విన్నవింప నక్కరలేదు. సిగరెట్టుపెట్టె అట్టమీద పెన్సిలుతో వ్రాసిన లెక్కను కస్టోడియనుగారు గోమూత్రముగా స్వీకరింతురో లేదో! ఒకవేళ అన్నియు సమకూడినను, బదిలీపత్రమునకు చట్టప్రకారము ఒక గడువుండెను. మైల తీరులోపల ఆ గడువు తీరినచో, మరల ఆ ప్రకటిత వ్యక్తినే వెదకి, సంతకము చేయుమని బ్రతిమాలవలసియుండెను కాబోలు, అతడు సి.బి.ఐ. వారి అతిథిగా నున్నచో ముందు వారి కటాక్షము పొందవలసియుండెను.

మానవులయెడ అంటరానితనమును రాజ్యాంగపు 17వ అధికరణము 1950లోనే రద్దు చేసినది. 1992 నాటికి నలుబది రెండేండ్లు గడచినను అది మన ఊరిబావుల దరినుండి ఇంకను కదలలేదు. కాగితములయెడ అంటరానితనమును స్థాపించుటకు ప్రభుత్వమునకు ఒక్క రాత్రి చాలినది. పనిచేయు శక్తి లేదని మన ప్రభుత్వమును నిందించువారు ఈ వేగమును గమనింపవలెను.

ఇంతటి నిష్ఠాగరిష్ఠమైన శాస్త్రమున ఒక్క వస్తువునకు మాత్రము మైల లేదు. అది డబ్బు. తొమ్మిది వేలకు షేరును అమ్మి ఆ తొమ్మిది వేలు జేబున వేసికొని పోయినవాడు శుద్ధుడు, కొనినవాడు అశుద్ధుడు. దళారీ తీసికొనిన కమిషను శుద్ధము. ఆ దళారీ ఖాతాలోనికి తన చెక్కులను దారి మళ్లించిన బ్యాంకు శుద్ధము. చేత పత్రములు లేకయే, ఉన్నవని రశీదులు వ్రాసి యిచ్చిన కరాడ్ బ్యాంకు రశీదులను పుచ్చుకొని కోట్లకు కోట్లు అప్పిచ్చిన పెద్ద బ్యాంకుల అధికారులు, స్వదేశులును విదేశులును, తాము మోసపోయితిమని గంధము పూసికొని కూర్చుండిరి. కాగితము కొనిన హెడ్మాస్టరు మోసపోయెనని మాత్రము ఎవ్వరును అనరు. అతనికి దురాశ యట!

దురాశయే అనుకొందము. జీవితమంతయు సుద్దముక్క పట్టిన చేతికి గ్రాట్యుటీ సొమ్ము చిక్కినప్పుడు, ఇల్లు కట్టుటకు అది చాలదని తెలిసినప్పుడు, నాలుగు నెలలలో అది రెట్టింపగునని దేశమున ప్రతి పత్రికయు చెప్పినప్పుడు ఆశ పుట్టినది. ఇప్పుడు శాస్త్రము చాలించి, ఈ కుంభకోణముపై విచారణ జరిపిన జానకిరామన్ సంఘము బయటపెట్టినదానిని సూటిగా చెప్పెదను. నేషనల్ హౌసింగ్ బ్యాంకు అని యొకటి కలదు. ఇల్లు లేనివారికి ఇల్లు కట్టుకొనుటకు అప్పు పుట్టవలెనని 1988లో రిజర్వు బ్యాంకు తన సొంత పెట్టుబడితో దానిని నిలిపినది. ఆ బ్యాంకు చెక్కులు వ్రాసినది; బ్యాంకుల పేర వ్రాసిన ఆ చెక్కులు దళారియైన హర్షద్ మెహతా ఖాతాలో జమపడినవి; దళారి ఆ రొక్కముతో బజారున షేర్లను ఎగద్రోసెను, వానిలో సిమెంటు షేరును ఆకాశమున కెక్కించెను. ఇండ్లకై పెట్టిన సొమ్ము ఒక్క ఇంటికి పునాది తీయలేదు. సిమెంటు షేరునకు మేడపై మేడ కట్టినది. ఆ మేడ చిట్టచివరి అంతస్తును, ఇల్లు లేని హెడ్మాస్టరునకు అమ్మినది. అది కూలినప్పుడు, అప్పిచ్చినవానిని విడిచి, అమ్మినవానిని విడిచి, క్రిందపడినవాని చేతిలోని కాగితమును పట్టుకొని, ఇది దొంగసొత్తు, నీవు దొంగవు కావని రుజువు చేసికొనుమని రాజ్యము వానిని బొంబాయికి పిలిచినది.

సిగ్గులేని మాట ఇది. పది షేర్లవాని నిర్దోషిత్వమునకు ప్రమాణపత్రము అడుగు అధికారము, కోట్ల చెక్కును వేరొకని ఖాతాలో వేయుచు ఒక్క ప్రశ్న యడుగని కార్యాలయముల కెక్కడిది? రిజర్వు బ్యాంకు పర్యవేక్షకులు పదునాలుగు నెలలు ఏమి పర్యవేక్షించిరి? పెద్ద బ్యాంకులలో ఆ చెక్కులను జమకట్టుమని ఎవ్వరు వ్రాసిరి, ఎవ్వరు చెప్పగా వ్రాసిరి? నాడు పాలకులను నేను కోరినది ఇది: చిన్నవారి షేర్లను రేపటి ఉదయముననే విడుదల చేయుడు. అందు దొంగ యొక్కడున్నచో వానిని వెదకి పట్టుకొను పని మీది, ఆ హెడ్మాస్టరుది కాదు. పిమ్మట ఆ చెక్కులను ఒక్కొక్కటిగా, తేదీతోను, మొత్తముతోను, సంతకము చేసినవాని పేరుతోను, హోదాతోను పత్రికలలో అచ్చువేయుడు. గెజెటులో పేర్లు ప్రకటించు విద్య మీకు వచ్చునని జూన్ నెలలోనే చూపితిరి గదా. ఈ పేర్లనును ప్రకటింపుడు.