ఏడో పిన్ను మీద ఫిర్యాదు

ముద్దాయి: ఒక పిన్ను. నివాసం: మా మెట్ల కింద స్విచ్‌బోర్డు పక్కన, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు. వృత్తి: మేడమీది ట్యాంకు ఖాళీ అయితే రిలే ద్వారా మోటారు వేయడం, నిండితే ఆపడం. నేరం: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, ఎవరూ చెప్పకుండానే, నిండిన ట్యాంకుకు మోటారు వేయడం. సాక్షులు: పక్కింటి పిన్నిగారు, వారి డాబా మీద తడిసిన గుమ్మడి వడియాలు.

ముద్దాయికి పేర్లు రెండు. బోర్డు మీద వరసగా లెక్కపెడితే ఏడో పిన్ను. లోపలి చిప్పునడిగితే జీపీఐవో 4. మారుపేర్లతో తిరిగేవాళ్లను ఇంట్లో పెట్టుకోకూడదని మా నాన్నగారు ఊరికే అనలేదు.

ఇదంతా బిగించిన మా మేనల్లుణ్ణి పిలిచి నిలదీశాను. "దాని తప్పేం లేదు మామయ్యా, అప్పటికింకా దానికి పని చెప్పలేదు" అన్నాడు. కరెంటు రాగానే ఈ జీపీఐవో పిన్నులన్నీ ఇన్‌పుట్‌లుగా నిద్రలేస్తాయట. అంటే వింటాయే తప్ప మాట్లాడవు. మా ఇంట్లో ఆ గుణం ఉన్నవాళ్లెవరూ లేరు కనుక మొదట ముచ్చటేసింది. కానీ వినేవాటికీ లోపల ఒక మొగ్గు ఉంటుందట. 0 నుంచి 8 దాకా పైకి, అంటే 3.3 వోల్టుల వైపు, సుమారు 50 కిలోఓముల రెసిస్టరుతో లాగి ఉంటాయి. 9 నుంచి 27 దాకా కిందికి. మనది నాలుగు. రిలేను నడిపే మోస్‌ఫెట్‌కు ఆ నీరసపు లాగుడే చాలు. టక్కుమని రిలే, గుర్రుమని మోటారు. లైనక్సు లేచి, ఆపైన పైథాన్ ప్రోగ్రాము లేచి, "నువ్వు ఔట్‌పుట్‌వి, సున్నాలో ఉండు" అని చెప్పేసరికి వడియాల స్నానం అయిపోతుంది.

తయారుచేసినవాళ్లను అందామంటే నోరు లేదు. అంతా వాళ్ల పత్రాల్లో రాసే ఉంది. ఉపాయమూ ఉంది. కాన్ఫిగ్ డాట్ టెక్స్ట్ అనే ఫైల్లో "జీపీఐవో=4=ఓపీ,డీఎల్" అని ఒక్క వరస రాస్తే, లైనక్సు లేవకముందే ఫర్మ్‌వేర్ ఆ పిన్నును ఔట్‌పుట్ చేసి కిందికి దించుతుంది. ఆ ఫైలుకూ స్థిరనివాసం లేదు. బూట్ డైరెక్టరీలో ఉండేది కాస్తా 2023లో వచ్చిన బుక్‌వార్మ్‌తో అందులోని ఫర్మ్‌వేర్ డైరెక్టరీకి మకాం మార్చింది. మేనల్లుడు వెతికి పట్టుకుని రాశాడు. కరెంటు తీసి వేశాం. టక్! ఈసారి మోటారు కొద్ది సెకన్లే తిరిగింది. కరెంటు వచ్చాక ఆ వరస అమలు కావడానికి కొన్ని సెకన్లు పడుతుందని కూడా అదే పత్రాల్లో ఉంది. తాళి కట్టాక వచ్చిన పురోహితుడు మంత్రాలు ఎంత స్పష్టంగా చదివితే మాత్రం ఏం లాభం?

నా అసలు ఫిర్యాదు ఇదీ: ఆ కొన్ని సెకన్లు ఎవరి జమానా? ప్రోగ్రామునడిగితే ఇంకా లేవలేదంటుంది. లైనక్సు తన వంతు రాలేదంటుంది. ఫర్మ్‌వేర్ దారిలో ఉన్నానంటుంది. మేనల్లుడు అది సాఫ్ట్‌వేర్ పరిధి కాదంటాడు. బాధ్యత గలవాళ్లంతా ఆలస్యంగా వస్తారు. మోటారు మాత్రం ఠంచనుగా తిరుగుతుంది.

చివరికి న్యాయం చిల్లర డబ్బులకు దొరికింది. మోస్‌ఫెట్ గేటుకీ గ్రౌండుకీ మధ్య ఒక 10 కిలోఓముల రెసిస్టరు. లోపలి 50 పైకి లాగుతుంటే ఇది కిందికి లాగుతుంది. గేటు దగ్గర మిగిలేది అర వోల్టు చిల్లర, దానికి మోస్‌ఫెట్ కదలదు. ఈ రెసిస్టరుకు ఫైలు లేదు, అప్‌డేటు లేదు, నిద్రలేవడం లేదు. అసలు పడుకుంటే కదా!

మేనల్లుడు ఇప్పుడు గీజరుకూ ఒక కంప్యూటరు పెడతానంటున్నాడు. ముందు రెసిస్టరు నా చేతిలో పెట్టి, ఆ తర్వాతే పెట్టె విప్పమన్నాను.