దయచేసి నీళ్లు పోయగలరు

ఆఫీసు బాత్రూమ్ నోటీసు అనేది ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, బడులు, ప్రైవేటు కంపెనీలు భేదం లేకుండా పోషిస్తున్న ఒక రచనా ప్రక్రియ. దీనికి రచయిత పేరుండదు, సంతకం ఉండదు, తేదీ ఉండదు. ఎవరిని ఉద్దేశించి రాశారో మాత్రం ఆఫీసంతటికీ తెలుసు. ఆ ఒక్క ఉద్యోగే దాన్ని చదవడు. చదివినా పక్క సీటాయన గురించి రాశారనుకుంటాడు. రోజూ శ్రద్ధగా చదివేది తక్కినవాళ్లు. వాళ్లకు దానితో పనిలేదు.

ఈ ప్రక్రియ దశలవారీగా ఎదుగుతుంది. మొదట్లో వినయం ఉట్టిపడుతుంది: "దయచేసి వాడిన తర్వాత నీళ్లు పోయగలరు." కంప్యూటర్ ఆపరేటర్ టైపు చేసి, ప్రింటు తీసి, టేపుతో తలుపుకు అంటిస్తాడు. కొన్నాళ్లకు తడి తగిలి కింది అక్షరాలు కరిగిపోయి, పైన "దయచేసి" ఒక్కటే మిగులుతుంది. రెండో నోటీసులో దయ ఉండదు. ఆశ్చర్యార్థకాలు దిగుతాయి, లామినేషన్ దిగుతుంది. సబ్బుబిళ్ల కొనడానికి పద్దు దొరకని ఆఫీసులో లామినేషన్ ఏ పద్దు కింద అయిందో ఆడిట్ వాళ్లే తేల్చాలి. ఆ తర్వాత స్వచ్ఛ భారత్ గుర్తు, గాంధీ కళ్లజోడు బొమ్మ వస్తుంది. అప్పటికీ ఫలితం లేకపోతే దేవుళ్లను పిలుస్తారు: గోడమూలకు వేంకటేశ్వరుడు, శిలువ, మక్కా ఉన్న టైల్సు అతికిస్తారు. ఇది కొంత పనిచేస్తుంది. టైలు ఉన్నచోట మూత్రం ఆగి, టైలు లేని చోటికి జరుగుతుంది.

ఇప్పుడు నడుస్తున్నది వాట్సాప్ దశ. ఉన్నదున్నట్టుగా ఫోటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టి, "ఎవరు చేసిందిది? సిగ్గుండాలి" అని రాస్తారు. కింద వరసగా దండం బొమ్మలు. చేసినాయన కూడా ఒక దండం పెడతాడు. ఫోటో తీసినాయన ఒక్క మగ్గు నీళ్లు పోసి బయటికొచ్చాడా అంటే, రాలేదు. సాక్ష్యం చెరిగిపోతుంది కదా.

నీళ్లు లేకనే ఈ దరిద్రం అనేవాళ్లున్నారు. మనవాళ్లకు శుచి తెలియదనేవాళ్లూ ఉన్నారు. రెండు రకాలవాళ్లూ ఒకసారి వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ దాకా పోయి రావాలి. వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో కట్టించిన రంగనాయకస్వామి గుడి అక్కడుంది, గుడిని ఆనుకొని రంగసముద్రం ఉంది. రాజుల కాలపు ఆ చెరువు ఇవాళ భీమా ఎత్తిపోతల పథకంలో బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. కృష్ణమ్మ మోటార్లెక్కి ఆ ఊరికి వస్తుంది. గుడికొచ్చిన మనిషి చెప్పులు బయట విడుస్తాడు, కాళ్లు కడుక్కుంటాడు, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకొని లోపలికి పోతాడు. అక్కడ ఎవరూ లామినేషన్ చేయించనక్కర్లేదు. ఇలాంటి భక్తుడే సోమవారం పొద్దున ఏదో ఒక ఆఫీసులో కుర్చీలో కూర్చుంటాడు, పదకొండింటికి బాత్రూమ్‌కు పోతాడు, అర మగ్గు పోసేసరికి అలసిపోతాడు. అతనికి శుచి తెలియకపోవడం కాదు. తన ఒళ్లు తాను కడుక్కుంటే చాలు, తాను వదిలి వచ్చింది కడగడానికి వేరే మనిషి ఉంటుందని చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

శ్రీరంగాపూర్ ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా పెబ్బేరు మండలంలోని ఊరు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు వనపర్తి జిల్లా అయింది, శ్రీరంగాపూర్ మండల కేంద్రమైంది. ఆ ఏడు తెలంగాణ అంతటా కొత్త మండలాలకు బోర్డులు ముందొచ్చాయి, భవనాలు తర్వాతి మాట. చాలాచోట్ల దొరికిన పాత భవనాన్నే గదులుగా పంచుకున్నారు. గదికో శాఖ వచ్చింది, బాత్రూమ్ మాత్రం ఉమ్మడి ఆస్తిగా మిగిలింది. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు కూడా తహసీల్దారు ఆఫీసులకే వచ్చాయి. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సాక్షులు, వాళ్ల వెంట ముసలీముతకా, చంటిపిల్లలూ పొద్దున వచ్చి సాయంత్రం దాకా కూర్చుంటారు. పదిమంది సిబ్బంది కోసమని ఎప్పుడో కట్టిన ఒక్క పాయఖానా ఇంతమందికి ఎట్లా సరిపోతుందో ఆలోచించినవాళ్లు లేరు. దాని బదులు ఒక సిద్ధాంతం పుట్టింది: "బయటోళ్లొచ్చి ఖరాబు చేస్తున్రు."

ఈ సిద్ధాంతంలో ఒక్కటే ఇబ్బంది. బాత్రూమ్‌కు తాళం ఉంటుంది, చెవి అటెండర్ టేబుల్ సొరుగులో ఉంటుంది, బయటివాళ్లు అడిగితే "నీళ్లు వస్తలేవు" అంటారు. గ్రామం నుంచి వచ్చిన పెద్దమనిషి గోడ చాటుకు పోతాడు. ఆయన భార్య ఓర్చుకుంటుంది. లోపలికి అడుగే పెట్టనివాళ్లు లోపల ఖరాబు చేయడం ఎట్లా సాధ్యమో సిద్ధాంతకర్తలు ఇంకా చెప్పలేదు.

మండలాఫీసుల సంగతిలో వింత ఏమిటంటే, మరుగుదొడ్ల గురించి ఎక్కువ తెలిసినవాళ్లు పనిచేసేది అక్కడే. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. ఇంటికి 12,000 రూపాయల చొప్పున ఇచ్చి మరుగుదొడ్లు కట్టించారు, కట్టిన ప్రతిదాన్నీ ఫోటో తీసి జియోట్యాగ్ చేశారు, అయిదేళ్లకు 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన లేనిదైందని ప్రకటించారు. ఆ లెక్కలు ఎక్కించినవాళ్లు, ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి "చెంబు పట్టుకొని పోవుడు బంద్ చెయ్యాలె" అని చెప్పినవాళ్లు, మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి ముక్కు మూసుకున్నారు. ఏ ఆఫీసు బాత్రూమ్‌కూ జియోట్యాగ్ లేదు, ఉంటే ఫోటో అప్‌లోడ్ చేయాల్సి వచ్చేది.

బయటివాళ్లు కాదని తేలాక మిగిలేది లోపలి మనిషి. అతనెవరో కనిపెట్టడం కష్టం కాదు. అతను పోయొచ్చిన తర్వాత కాసేపు ఎవరూ అటు పోరు. కమోడ్ ఉన్న ఆఫీసుల్లో సీటు మీద చెప్పుల అచ్చులు కూడా పడతాయి. వాష్‌బేసిన్‌లో ఎర్రటి మరకలుంటే, నిషేధం ఉన్న గుట్కా ఎవరి జేబులో ఉందో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే, పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నది. అతను వయసులో పెద్ద కావచ్చు, యూనియన్ మనిషి కావచ్చు, సారుకు దగ్గరి మనిషి కావచ్చు. అందుకని మాటను అతని మీదుగా గాల్లోకి వదులుతారు. టీ తాగేటప్పుడు ఒకాయన "మా ఇంట్లో మా చిన్నోడు కూడా నీళ్లు పోసి వస్తాడు" అంటాడు. ఇంకొకాయన సింగపూర్‌లో ప్రజా మరుగుదొడ్డిలో నీళ్లు వదలకపోతే జరిమానా అంటాడు. అందరూ తలూపుతారు, అందరికంటే గట్టిగా అతనే ఊపుతాడు.

నిజానికి కావాల్సింది ఒక్క వాక్యం. భోజనాల వేళ పక్కకు పిలిచి, నలుగురిలో కాకుండా, "అన్నా, ఏమనుకోకు, జర ఇంకో రెండు మగ్గులు పోసి రారాదు" అంటే చాలావరకు తీరిపోతుంది. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు చెప్పుకుంటే సరి. దీనికి ఫైలు అక్కర్లేదు. అడిగితే బయటపడేవి వేరేవీ ఉంటాయి: మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేని మనిషి, షుగరుతో పదిసార్లు పరుగెత్తే మనిషి, నల్లా కింద బకెట్టు నిండడానికి పావుగంట పడుతుంటే వెనక తలుపు కొడుతున్నారని లేచొచ్చిన మనిషి. నోటీసు వీళ్లందరినీ ఒక్క గాటన కట్టేస్తుంది. మురికి మనిషికీ జబ్బు మనిషికీ తేడా దానికి తెలియదు.

వాసనంతా ఆ ఒక్కడి పుణ్యమే అనుకోవడమూ పొరపాటే. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొడితే అమ్మోనియా పుడుతుంది, ముక్కులో గుచ్చుకునేది అదే. ఉప్పునీళ్లలోని లవణాలు మూత్రంతో కలిసి దొడ్డి అంచుల్లో పసుప్పచ్చగా, రాయిలా గడ్డ కడతాయి. ఆ గడ్డ సూక్ష్మజీవులకు కాపురం. దాన్ని యాసిడ్ ఉన్న క్లీనరు, బ్రష్షు కలిసి గీకాలి. ఫినాయిల్ చల్లితే పైపైన వాసన మారుతుందే తప్ప గడ్డ కదలదు. ఇంకో దారి కింది నుంచి వస్తుంది. దొడ్డి కింద, నేల జాలీ కింద వంపు గొట్టంలో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలవాలి. డ్రైనేజీ గాలి పైకి రాకుండా ఆపేవి అవే. అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లండ్ గడియారాల పనివాడు 1775లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. వనపర్తి ఎండల్లో, రోజుల తరబడి వాడని జాలీలో ఆ నీళ్లు ఆరిపోతాయి. వరస సెలవులు ముగిసి మంగళవారం ఆఫీసు తెరిచేసరికి కంపు కొడుతుంది, నేరం మాత్రం శనివారం ఆఖర్న పోయినవాడి మీద పడుతుంది. వాడని జాలీలోనూ ఒక మగ్గు నీళ్లు పోస్తే అయిపోయే పని.

మనవాళ్లు నమ్మేది కలరా ఉండలను. వాష్‌బేసిన్లో నాలుగు వేస్తే పరిశుభ్రత వచ్చేసినట్టే. అవి దేన్నీ శుభ్రం చేయవు, ఒక కంపు మీద ఇంకో కంపు కప్పుతాయి. వాటిలోని నాఫ్తలీన్‌ను క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో పెట్టారు కూడా. అంతకంటే ప్రమాదం తనిఖీ ముందు రోజు ఉత్సాహం: యాసిడ్ క్లీనరు, బ్లీచింగ్ పౌడరు రెండూ కలిపి గుమ్మరిస్తారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది పీల్చేది నోటీసు రాసినవాళ్లు కాదు, స్వీపరమ్మ.

అత్త మీద కోపం దుత్త మీద తీరేది ఆమె దగ్గరే. సహోద్యోగికి చెప్పలేని మాటలన్నీ ఆమెకు చెబుతారు. "సరిగ్గ కడుగుతలేవు" అంటారు. చేతికి తొడుగు ఇవ్వరు, బ్రష్షు అరిగి పుల్ల మిగిలినా మార్చరు, చీపురుతోనే కానిమ్మంటారు. ఇది నిన్నటి అలవాటు కాదు. 1901లో కలకత్తా కాంగ్రెస్ మహాసభకు వెళ్లిన గాంధీ అక్కడి దొడ్ల కంపు భరించలేక వాలంటీర్లకు చూపిస్తే, అది తమ పని కాదు, పాకీవాళ్ల పని అన్నారు. ఆయన చీపురు అడిగి తీసుకుని తన మట్టుకు ఒకటి కడుక్కున్నాడు. దేశం తరఫున మాట్లాడటానికి వచ్చిన ప్రతినిధుల్లో కొందరు రాత్రిళ్లు గదుల ముందు వరండాలనే వాడుకున్నారు. ఆయన కళ్లజోడు ఇవాళ బాత్రూమ్ తలుపుకు ఎక్కింది, ఆ చీపురు మాత్రం ఆ వాలంటీర్ల వారసులు ఇంకా ముట్టలేదు. ఎవరో ఒకరు ఎత్తిపోయాలన్న ఈ ఏర్పాటు మీదే కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా పోరాడుతున్నాడు. 2016లో ఆయనకు మెగసెసె అవార్డు వచ్చింది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం తొడుగులు, పరికరాల గురించి చెబుతుంది. తొడుగులేని స్వీపరమ్మ ఉన్న ఆఫీసు గోడకే స్వచ్ఛత ప్రతిజ్ఞ ఫ్రేము కట్టి వేలాడుతూ ఉంటుంది.

మహిళా ఉద్యోగుల విషయంలో వ్యంగ్యానికి చోటు తక్కువ. పొద్దున ఇంట్లో బయల్దేరేముందు మంచినీళ్లు తాగడం మానేస్తారు, సాయంత్రం ఇల్లు చేరేదాకా ఆపుకుంటారు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు రావడానికి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు. నెలసరి రోజుల్లో మూతున్న చెత్తబుట్ట లేని, గడియ సరిగా పడని బాత్రూమ్ ఉన్న ఆఫీసుకు సెలవు పెట్టడం తప్ప దారి ఉండదు. ఆ సెలవు ఎందుకో అడిగే అధికారి కారణం మాత్రం బాత్రూమ్‌కు పోయి చూడడు.

చూడనవసరం లేదు కూడా, ఆయనకు వేరే ఉంది. చాలా ఆఫీసుల్లో సారు గది వెనక ఒక తలుపుంటుంది. దానికి టైల్సు, అద్దం, సబ్బు, టవలు, ఎప్పుడూ నిండి ఉండే బకెట్టు. తాళంచెవి సారు దగ్గరో, ఆయన నమ్మకస్తుడి దగ్గరో. దాని గోడల మీద ఒక్క నోటీసు ఉండదు. బిల్లు మీద సంతకం పెట్టగలిగినవాడు ఒక తలుపు వెనక, బిల్లు కావాల్సినవాళ్లు ఇంకో తలుపు వెనక ఉన్నంతకాలం, రెండో తలుపు వెనక సింటెక్స్ ట్యాంకు పగిలినా, నల్లా ఊడినా, ఫైలు కదలదు. అర మగ్గు పోసే సహోద్యోగి నిజంగానే ఉన్నాడు, అతనికి చెప్పాల్సిందే. కానీ బకెట్టే లేని గదిలో అతనికి చెప్పే మాటకు బరువుండదు.

కాగితం మీద అంత నమ్మకం ఉన్న యంత్రాంగం ఇన్ని నోటీసులు మాని ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి: బాత్రూముల తాళాలన్నీ తీసేయాలి, అధికారులు కూడా సిబ్బందీ, పనికొచ్చిన జనమూ వాడేవే వాడాలి. ఆ వారంలోనే ప్లంబరు వస్తాడు.